పడిన చెట్లతో ఇంటి కలప: కోత మిషను కొనాలా, మిల్లుకి తోలాలా?

పెరట్లో పనస చెట్టు పడిపోయింది, పక్కన వేప కూడా ఒరిగింది. ఇల్లు కట్టే ఆలోచన ఎలాగూ ఉంది. అలాంటప్పుడు ఆ దుంగలు చూస్తుంటే ఎవరికైనా ఒక ఆశ పుడుతుంది: ఒక పెద్ద చైన్‌సా (పెట్రోలుతో నడిచే గొలుసు రంపం), పలక మందం సమంగా వచ్చేలా దానికి తగిలించే ఫ్రేము కొనేస్తే మన కలప మనమే కోసుకోవచ్చు కదా అని. ఫోన్లో వీడియోలు చూస్తే ఆ ఆశ ఇంకా పెరుగుతుంది.

మా ఇంట్లో ఈ పని జరిగింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. శ్రీకాకుళం జిల్లాలోని మా ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస చెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. మా తోటలో నిలబడి చూస్తే అటు చివరన ఉన్న రోడ్డు కనిపించింది. అంతకుముందు ఎప్పుడూ అక్కడినుంచి రోడ్డు కనపడేది కాదు. కరెంటు రోజుల తరబడి లేదు. మా చిన్నాన్న నెల తిరక్కుండా చైన్‌సా, కోత ఫ్రేము కొన్నారు. ఫ్రేముకి రెండో వైపు పట్టుకుని నడిచింది నేనే. కొన్ని పనులు బాగా కుదిరాయి, కొన్నింట్లో డబ్బు, కలప రెండూ పోయాయి. ఆ తరువాత బంధువుల్లో ఎవరు ఇల్లు మొదలుపెట్టినా ఇదే అడుగుతున్నారు. వాళ్లకి చెప్పేది ఇక్కడ వరసగా రాస్తున్నాను. దుకాణానికి వెళ్లే ముందు ఇందులో మొదటి నాలుగు పనులూ పూర్తి చేయండి. చాలామందికి ఆ నాలుగుతోనే సమాధానం దొరికిపోతుంది.

ముందు ఇంటికి ఎంత కలప కావాలో రాయండి

మేస్త్రిని, వడ్రంగిని కూర్చోబెట్టుకుని ఒక కాగితం మీద ప్రతి గుమ్మం, ప్రతి కిటికీ రాయండి. "సుమారుగా ఒక లోడు కావాలి" అనే మాట దగ్గర ఆగిపోవద్దు. లెక్క కష్టమైనదేమీ కాదు.

ఏడడుగుల ఎత్తు, మూడున్నర అడుగుల వెడల్పు ఉన్న గుమ్మం తీసుకోండి. చట్రానికి నిలువు కమ్మీలు (చట్రం చెక్కలు) రెండు, పైన ఒకటి, కింద గడప. మొత్తం పొడవు 21 అడుగులు. కమ్మీ సైజు ఐదు అంగుళాలు, మూడు అంగుళాలు అయితే 5ని 3తో గుణించి 144తో భాగించి, 21తో గుణించండి. సుమారు 2.2 ఘనపుటడుగులు వస్తుంది. మిల్లులో దీన్నే సీఎఫ్‌టీ అంటారు. నాలుగడుగుల కిటికీకి నాలుగు అంగుళాలు, మూడు అంగుళాల కమ్మీ వేసి, మధ్యలో ఒక నిలువు పెడితే 1.7 దాకా పడుతుంది.

రెండు పడకగదుల శ్లాబు ఇంటికి ఆరు గుమ్మాలు, ఐదు కిటికీలు అనుకుందాం. గుమ్మాలకి 13, కిటికీ ఫ్రేములకి 8.5, కిటికీ తలుపులకి 3, వీధి తలుపుకీ పెరటి తలుపుకీ కలిపి 4. లోపలి గదులకి ఈమధ్య ఎక్కువమంది రెడీమేడ్ ఫ్లష్ డోర్లే వేస్తున్నారు కాబట్టి వాటిని లెక్కలోకి తీసుకోలేదు. మొత్తం 28, 29 దగ్గర తేలుతుంది. చిత్రిక పట్టడంలో, కోతలో పోయేదానికి ఇంకో 15 శాతం కలపండి. 33 ఘనపుటడుగులు.

ఈ అంకెను ఒక్క నిమిషం చూడండి. శ్లాబు ఇంటికి కావలసిన కలప మొత్తం ఇదే. మంచి మిల్లులో ఇది ఒకటి రెండు రోజుల పని. మీరు కొందామనుకుంటున్న మిషను మీకు చేసిపెట్టే పని కూడా ఇంతే. దూలాలు, వాసాలు, రీపర్లతో పెంకుటిల్లు కడుతున్నా, పాత ఇంటి కప్పు మారుస్తున్నా లెక్క రెండు మూడు రెట్లు పెరుగుతుంది. అప్పుడు ఆలోచన కూడా కొంచెం మారుతుంది.

తరువాత టేపు పట్టుకుని దుంగల దగ్గరికి వెళ్లండి

మన దగ్గర దుంగని కొలిచే పద్ధతి చుట్టుకొలతతోనే. దుంగ మధ్య భాగంలో బెరడు కొంచెం చెక్కి, టేపు బిగించి చుట్టండి. వచ్చిన అంగుళాలని నాలుగుతో భాగించి, దాన్ని దానితోనే గుణించి, పొడవు అడుగులతో గుణించి, 144తో భాగించండి. చుట్టుకొలత 54 అంగుళాలు, పొడవు తొమ్మిది అడుగులు ఉన్న పనస దుంగ ఇలా చూస్తే 11.4 ఘనపుటడుగులు.

ఈ లెక్కలో ఒక సంగతి గుర్తుంచుకోండి. గుండ్రని దుంగలో నిజంగా ఉన్న చెక్కలో 78.5 శాతమే ఇది చూపిస్తుంది. పక్కల నుంచి పోయే బెరడు చెక్కలు ముందే తీసేసినట్టన్నమాట. అయినా కొలతలో వచ్చినదంతా కమ్మీగా మారదు. వంకరలు, బొడిపెలు, పగుళ్లు, మధ్యలో తొర్ర, ఇవన్నీ పోగా సగం నుంచి మూడింట రెండు వంతులు చేతికి వస్తే మంచి దుంగ కిందే లెక్క. మీకు 33 కావాలంటే 55 దాకా కొలత ఉన్న దుంగలు ఉండాలి. పైన చెప్పిన పనసలాంటివి ఐదు.

పొడవు కూడా చూడండి. గుమ్మం నిలువు కమ్మీకి ఏడడుగులు కావాలంటే దుంగ కనీసం ఏడున్నర ఉండాలి, ఎందుకంటే రెండు చివరలా పగుళ్లు వస్తాయి. మా తోటలో పొయ్యిలోకి పనికొస్తాయని తొందరపడి అన్నింటినీ ఆరేసి అడుగులకి తెగ్గొట్టేశారు. అందులో రెండు మంచి వేప దుంగలు ఉన్నాయి. అవి చివరికి కిటికీలకే సరిపోయాయి.

ఏ చెట్టు దేనికి

చేవ ఉన్న చెట్టుకే ఇంత శ్రమ పడాలి. దుంగ అడ్డకోత దగ్గర ముదురు రంగులో ఉన్న భాగం చేవ, చుట్టూ లేత రంగులో ఉన్నది తెల్లచెక్క. తెల్లచెక్కకి పురుగు త్వరగా పడుతుంది. అడ్డకోత మీద స్కేలు పెట్టి చేవ వెడల్పు ఎంతో కొలవండి. పన్నెండు అంగుళాల దుంగలో చేవ ఆరే అంగుళాలుంటే మీ దగ్గర ఉన్నది నిజానికి ఆరు అంగుళాల దుంగే.

పనస మన ప్రాంతపు అదృష్టం. కోసినప్పుడు పసుపుపచ్చగా ఉండి, ఏళ్లు గడిచేకొద్దీ ముదురు గోధుమ రంగులోకి తిరుగుతుంది. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేసేది ఈ పనసతోనే. ఒకే దుంగని తొలిచి ఏకాండి వీణ చేస్తారు. తలుపులకి, కిటికీలకి ఇది మంచి చెక్క. ముదురు వేప గుమ్మాలకి బాగుంటుంది, కాకపోతే మెలి తిరిగే గుణం ఉంది కాబట్టి మందంగా కోసి బాగా ఆరబెట్టాలి. నల్లతుమ్మ గట్టిది, బళ్లకి, నాగళ్లకి వాడిన చెక్క. టేకు గురించి చెప్పేదేముంది, దొరికితే ముందు దాన్ని గుమ్మానికి పక్కన పెట్టండి.

మామిడి త్వరగా పాడవుతుంది. పడిన కొద్ది వారాలకే పురుగు, నల్లటి మరకలు మొదలవుతాయి. సెంట్రింగు పలకలకి, పెట్టెలకి పనికొస్తుందిగానీ బయటి గుమ్మానికి వద్దు. సరుగుడు నిలువు కర్రగా బాగుంటుంది, పలకగా కోస్తే పగుళ్లే. జీడి కాండం పొట్టి, వంకర. దాన్ని వంటచెరుకు కింద వదిలేయండి.

కొబ్బరి గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఉద్దానంలో ఎక్కువగా పడింది అదే. కొబ్బరి మానులో గట్టి భాగం బయట, మెత్తటిది లోపల ఉంటుంది. మిగతా చెట్లకి ఇది తిరగబడినట్టు. మాను మొదలు దగ్గర ఉన్న బయటి చెక్కతో వాసాలు తీయవచ్చు, లోపలి మెత్తటి భాగం బరువు మోయదు. పైగా ఆ గట్టి పీచు రంపం పళ్లని తినేస్తుంది. మామూలు చైనుతో మేము మొదటి కొబ్బరి మాను కోస్తుంటే సగం దూరం వెళ్లేసరికి పొట్టు పిండిలా రాలడం మొదలైంది. పదును ఉన్నప్పుడు పొట్టు రవ్వలా, చిన్న చిన్న ముక్కలుగా రావాలి. పిండిలా వచ్చిందంటే చైను మొద్దుబారినట్టే, ఆపి ఆకురాయి పట్టాలి. కొబ్బరి కోసం మిషను కొనాలనుకుంటే ఆ ఆలోచన మానుకోమనే చెబుతాను. తాడి మానుని మన పెద్దవాళ్లు గొడ్డలితో చీల్చి వాసాలు చేశారు. ఆ పని తెలిసిన మనిషి దొరికితే రంపం అవసరమే లేదు.

కాగితాలు

ఇది చాలామంది వదిలేస్తారు, తరువాత టెన్షన్ పడతారు. మన పట్టా భూమిలో చెట్టయినా కొట్టడానికి 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం అనుమతి ఉండాలి. కలప రోడ్డెక్కితే 1970 నాటి అటవీ ఉత్పత్తుల రవాణా నిబంధనలు వర్తిస్తాయి. కొన్ని రకాల చెట్లకి సడలింపు ఉంది. మీ చెట్టు ఆ జాబితాలో ఉందో లేదో అటవీ రేంజ్ ఆఫీసులో అడగండి. దరఖాస్తు ఎవరికి ఇవ్వాలో గ్రామ సచివాలయంలో చెబుతారు. తుఫానుకి పడిన చెట్టయితే పడినప్పుడే, వేళ్లు కనిపించేలా, ఇల్లో గట్టో ఏదో ఒక గుర్తు కూడా వచ్చేలా ఫోటోలు తీసి పెట్టుకోండి.

మిషను విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. అడవుల రక్షణ మీద నడిచిన గోదావర్మన్ కేసులో 1996 డిసెంబరు 12న సుప్రీంకోర్టు ఆదేశాలు ఇచ్చిన దగ్గర్నుంచి కోత మిల్లుల మీద నియంత్రణ దేశమంతటా గట్టిపడింది. కలప ఆధారిత పరిశ్రమలకి కేంద్రం 2016లో మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. కాబట్టి పట్టాల మీద నడిచే బ్యాండ్‌సా (పట్టీలాంటి బ్లేడు తిరిగే రంపం) లాంటిది ఇంట్లో పెట్టే ముందు, సొంత అవసరానికి మాత్రమే అయినా లైసెన్సు కావాలా అని రేంజ్ ఆఫీసరుకి రాసి ఇచ్చి, జవాబు కూడా రాతలోనే తీసుకోండి. ఊళ్లో వాళ్ల దుంగలు కూలికి కోసిపెడదామని అనుకుంటే అది వ్యాపారం, లైసెన్సు లేకుండా ఆ పనికి దిగొద్దు. సీతంపేట, కురుపాం వైపు ఏజెన్సీ గ్రామాలవాళ్లు, అడవి హద్దుకి ఆనుకుని తోట ఉన్నవాళ్లు ఈ పనిని అన్నిటికంటే ముందు చేసుకోవాలి.

ఇంకొకటి. మోటారుతో నడిచే మిషనుకి తోటలో ఉన్న వ్యవసాయ బోరు కనెక్షన్ వాడకూడదు. అది సాగు కోసం ఇచ్చిన కరెంటు. పట్టుబడితే పెనాల్టీ పడుతుంది.

డబ్బు లెక్క

ఇప్పుడు దుకాణానికి ఫోన్ చేయండి, మిల్లుకి స్వయంగా వెళ్లండి. రేట్లు ఊరికీ ఊరికీ, నెలకీ నెలకీ మారతాయి కాబట్టి నేను చెప్పే అంకెలు లెక్క చేసే పద్ధతి కోసమే. వాటి స్థానంలో మీకు వచ్చిన కొటేషన్లు వేసుకోండి.

మిషను ధర అంటే మిషను ఒక్కటే కాదు. పొడవాటి బార్ (చైను తిరిగే పట్టీ), దుంగ పొడవునా కోసే నిలువుకోత చైన్లు కనీసం మూడు, ఫ్రేము, ఆకురాళ్లు, హెల్మెట్, చెవి మఫ్లు, కాళ్ల రక్షణ, దుంగ దొర్లించే గునపాలు, చైన్ పుల్లీ. ఇవన్నీ కలిపి 90,000 అయ్యాయనుకుందాం. రెండేళ్ల తరువాత అమ్మితే 40,000 వస్తుందనుకుందాం. అంటే మిషను మీద పోయేది 50,000. దాన్ని మన 33తో భాగిస్తే ఘనపుటడుగుకి 1,500 దాటింది. ఇందులో పెట్రోలు, ఆయిలు, మీతోపాటు నిలబడే మనిషి కూలి ఇంకా కలపలేదు.

మిల్లు వైపు కోత కూలి, ట్రాక్టరు, ఎక్కించే మనుషులు, అవసరమైతే జేసీబీ గంట, అన్నీ కలిపి 10,000 అయితే ఘనపుటడుగుకి 300. సొంత మిషను నడపడానికి పెట్రోలు, చైను, కూలి కలిపి 150 పడుతుందని అనుకుంటే, ఘనపుటడుగుకి మిగిలేది 150. పోయిన 50,000 రాబట్టాలంటే 333 ఘనపుటడుగులు కోయాలి. అంటే మన లెక్కలోని ఇల్లు లాంటివి పది.

మా చిన్నాన్న ఈ లెక్క కొన్న తరువాత వేశారు. అది తప్పని నేను అనను, ఆ రోజుల్లో అందరి మనసూ కళ్లముందు పడి ఉన్న చెట్ల మీదే ఉంది. మీకు మాత్రం సమయం ఉంది కాబట్టి ముందే వేసుకోండి.

అన్నదమ్ములు ముగ్గురూ ఇళ్లు కడుతున్నా, ఒకేసారి తోటంతా పడిపోయినా, దుంగ బయటికి తీసే దారే లేకపోయినా ఈ లెక్క మారుతుంది. పచ్చి దుంగ ఘనపుటడుగుకి 25 నుంచి 30 కిలోలు తూగుతుంది. మనం కొలిచిన 11.4 పనస దుంగలో నిజమైన చెక్క 14 ఘనపుటడుగుల పైనే, అంటే దగ్గర దగ్గర 400 కిలోలు. గట్ల మీద, వరి మళ్ల మధ్య దాన్ని మోయడం నలుగురి వల్ల కాదు. వరి కోతలయ్యే దాకా ఆగితే ట్రాక్టరు మడిలోకి దిగుతుంది. ఆగే వీలుంటే ఆగండి. వేప, పనస చేవ రెండు నెలలకి ఏమీ కాదు.

ఏ మిషను ఏం చేస్తుంది

ఇప్పటికీ కొనాలనే అనిపిస్తే రంపం ఎంత చెక్క తింటుందో చూడండి. చైన్‌సా కోత వెడల్పు సుమారు మూడు ఎనిమిదో వంతుల అంగుళం, అంటే తొమ్మిది మిల్లీమీటర్ల దాకా. బ్యాండ్‌సా అయితే రెండు మూడు మిల్లీమీటర్లే. పన్నెండు అంగుళాల దిమ్మె నుంచి అంగుళం పలకలు తీస్తున్నారనుకోండి. చైన్‌సా గీతలు లోతుగా ఉంటాయి కాబట్టి చిత్రికకి వదిలి అంగుళంపావు కోయాలి. ఏడు పలకలు వస్తాయి. బ్యాండ్‌సాతో కొంచెమే వదిలితే చాలు, తొమ్మిది వస్తాయి. రెండు పనస పలకలు పొట్టుగా మారిపోవడం చిన్న విషయం కాదు. అదే ఐదు మూడు గుమ్మం కమ్మీలకైతే కోతలు తక్కువ, తేడా కూడా తక్కువ. కాబట్టి మందపాటి కమ్మీలకి చైన్‌సా సరిపోతుంది, పలకలకి బ్యాండ్‌సా కావాలి.

చైన్‌సా తీసుకుంటే 70 సీసీ కంటే తక్కువ వద్దు, 90 దగ్గరైతే మేలు. ఆన్‌లైన్‌లో ఎక్కువగా కనిపించే 58 సీసీ మిషన్లు కొమ్మలు నరకడానికి బాగానే ఉంటాయి. నిలువుకోతలో మిషను ఫుల్ రేజ్ మీద నిమిషాల తరబడి ఆగకుండా తిరగాలి, చిన్న మిషను వేడెక్కిపోతుంది. బార్ పొడవులో నాలుగైదు అంగుళాలు ఫ్రేముకే పోతుంది. పదిహేడు అంగుళాల మానుకి 24 అంగుళాల బార్ కావాలి. మామూలు చైను పళ్లు 30 డిగ్రీల వాలులో ఉంటాయి, అది అడ్డకోతకి. నిలువుకోతకి 10 డిగ్రీల దగ్గర పదును పెట్టిన చైను వాడాలి, లేకపోతే పలక అంతా గీతలు. పెట్రోలులో టూ స్ట్రోక్ ఆయిలు కంపెనీ చెప్పిన పాళ్లలోనే కలపండి. స్టిల్, హస్క్‌వర్నా లాంటి పేరున్నవి తీసుకున్నా, వేరేవి తీసుకున్నా ముందు అడగాల్సింది ఒకటే: స్పేర్ పార్టులు శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో దొరుకుతాయా, లేక ప్రతిసారీ విశాఖ వెళ్లాలా? పని మధ్యలో ఆగిన వారం రోజుల్లో దుంగ ఎండలో పగులుతూ ఉంటుంది.

పట్టాల మీద నడిచే బ్యాండ్‌సా ధర దీనికి కొన్ని రెట్లు. దానికి సమమైన నేల, మీద కప్పు, బ్లేడు పదును పెట్టే మనిషి కావాలి. ఒక ఇంటి కోసం దాన్ని కొనమని ఎవరికీ చెప్పలేను.

నేను చేయమనేది

చైన్‌సా ఉన్న కోత మనిషిని రోజు కూలికి పిలవండి. మన మండలాల్లో దాదాపు ప్రతి పెద్ద ఊళ్లో ఒకరుంటారు. మీ జాబితా ప్రకారం దుంగల్ని సరైన పొడవులకి అడ్డంగా కోయించండి. మరీ లావుగా ఉండి కదలనివి అనుమతి ఉంటే అక్కడే రెండుగా చీల్పించండి. బరువు సగమవుతుంది, ట్రాలీ ఎక్కుతుంది. అక్కడినుంచి లైసెన్సు ఉన్న కోత మిల్లుకి తోలండి. మిల్లుకి వెళ్లేటప్పుడు వడ్రంగిని వెంట తీసుకెళ్లండి. ఆయన రోజు కూలి ఇచ్చినా నష్టం లేదు, ఏ దుంగ నుంచి ఏ కమ్మీ తీయాలో అప్పటికప్పుడు చెప్పే మనిషి ఆయనే. దుంగ నడిమధ్యలో ఉండే మెత్తటి బొద్దు ఏ కమ్మీలోకీ రాకుండా కోయమనండి. అది లోపలుంటే కమ్మీ ఆరుతున్నప్పుడు నిలువునా పగులుతుంది.

మేకుల సంగతి ముందే చూడండి. పెరటి చెట్టుకి బట్టల తీగ, గేదె తాడు, పందిరి, ఏదో ఒకటి ఎప్పుడో కట్టే ఉంటారు. మా పనస దుంగలో మూడో కోత సాఫీగా పోతోంది. ఒక్కసారిగా చిన్న మెరుపు, కీచుమని శబ్దం. చైను ఆపి చూస్తే పసుపు చెక్కలో అరచేతి పొడవున నల్లటి నీలి చార, దాని మధ్య మెరుస్తున్న మేకు మొన. అది మా నాయనమ్మ బట్టల తీగ కోసం కొట్టించిన మేకు. చెట్టు దాని మీదుగా మూడు అంగుళాలు పెరిగిపోయింది. చైనులో ఒక వరస పళ్లు పోయాయి. అడ్డకోత మీద అలాంటి నల్లటి నీలి మరక కనిపిస్తే ఆ దుంగలో ఇనుము ఉందని అనుమానించండి. నేల నుంచి ఆరడుగుల దాకా ఉన్న మొదటి దుంగని ప్రత్యేకంగా చూడాలి. చేతిలో పట్టుకునే చిన్న మెటల్ డిటెక్టరు ఒకటి తెచ్చుకుంటే మంచిది. మిల్లువాళ్లకి కూడా ముందే చెప్పండి, బ్లేడు పాడైతే ఎవరు భరించాలో మాట్లాడుకోండి.

మీరే కోస్తే

ఒంటరిగా కోయొద్దు. చెవులకి మఫ్లు, కళ్లకి అద్దాలు, కాళ్లకి చైన్ ఆపే ప్యాంటు లేకుండా మిషను స్టార్ట్ చేయొద్దు. లుంగీ, చెప్పులతో ఈ పని చేసేవాళ్లని మన ఊళ్లలో రోజూ చూస్తాం. అది చూసి ధైర్యం తెచ్చుకోవద్దు. బార్ మొన పైభాగం దేనికైనా తగిలితే మిషను మనిషి మీదకి ఎగురుతుంది. దుంగ రెండు వైపులా చీలలు కొట్టి, దొర్లదని కాలితో తోసి చూశాకే మొదలుపెట్టండి.

మొదటి కోతే మిగతా అన్నిటికీ దారి. దుంగ మీద నిచ్చెనో, వంకర లేని పలకో బిగించి దాని మీద ఫ్రేము నడపండి. బిగించే ముందు వడ్రంగి చేసేటట్టు బొగ్గుమసి పూసిన దారం రెండు చివరలా పట్టి లాగి, మధ్యలో ఎత్తి వదలండి. నల్లగా పడిన ఆ గీతకీ పలకకీ ఎక్కడ తేడా ఉందో కంటికి కనబడుతుంది. మొదటి కోత అర అంగుళం వంకర పోతే తరువాతి పలకలన్నీ అదే వంకరతో వస్తాయి.

ఆరబెట్టడం

మిషనులోనైనా మిల్లులోనైనా కోసిన తరువాత అసలు పని ఇదే. మేము ఎక్కువ నష్టపోయింది కూడా ఇక్కడే. కోసిన పలకలన్నీ పశువుల సాలలో ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన పట్టా కప్పేశాం. మూడు వారాలకి తీస్తే బూజు, నల్ల మచ్చలు. మిగిలినవాటితో తలుపు చేయమంటే వడ్రంగి పలకని గోటితో నొక్కి, "బాబూ, ఇంకా పచ్చిగుంది. ఇప్పుడు చేసీస్తే సంక్రాంతికి తలుపు మూసుకోదు" అన్నాడు. ఆయన మాట విని ఏడాది ఆగిన పలకలతో చేసిన తలుపు ఇప్పటికీ చక్కగా పడుతోంది.

దుంగ కోసిన రోజే రెండు చివరలకీ పేడ దట్టంగా మెత్తండి, లేదా పాత పెయింటు వేయండి. తేమ చివరల నుంచే వేగంగా పోతుంది, పగుళ్లు అక్కడే మొదలవుతాయి. పెద్దవాళ్లు దుంగల్ని నెలల తరబడి చెరువులో నానేసేవారు. పాలు, పిండి పదార్థం నీళ్లలోకి పోయి పురుగు తగ్గుతుంది. చెరువు దగ్గర్లో ఉంటే అది ఇప్పటికీ మంచి పద్ధతే. పలకల్ని పేర్చేటప్పుడు నేల నుంచి అడుగున్నర ఎత్తులో దిమ్మెలు పెట్టి, వరసకీ వరసకీ మధ్య అంగుళం మందం ఉన్న పుల్లలు అడుగున్నరకి ఒకటి చొప్పున పెట్టండి. పై వరస పుల్ల కింది వరస పుల్ల మీదకే రావాలి, లేకపోతే పలకలు అలలా వంగుతాయి. గాలి పక్కల నుంచి తగలాలి, ఎండ, వాన నేరుగా తగలకూడదు. అన్నిటికంటే పైన బరువైన రాళ్లు పెట్టండి. తెల్లచెక్క ఉన్న పలకలకి బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్లు పూస్తే పురుగు రాదు. అది వానకి కరిగిపోతుంది కాబట్టి లోపల వాడే చెక్కకే.

అంగుళం పలకలకి మన వాతావరణంలో కొన్ని నెలలు, మూడు అంగుళాల కమ్మీలకి ఏడాది దాకా పడుతుంది. ఆరిందో లేదో తెలుసుకోవడానికి తేమ మీటరు లేకపోయినా ఫర్వాలేదు. పేర్చేటప్పుడే ఒక పొట్టి ముక్కని మధ్య వరసలో పెట్టి, పక్షానికోసారి తీసి కిరాణా కాటా మీద తూచండి. బరువు రాయడానికి ఆ ముక్క మీదే పెన్సిల్‌తో తారీఖు, గ్రాములు వేస్తూ రండి. వరసగా మూడుసార్లు బరువు మారకపోతే వడ్రంగికి కబురు పెట్టండి. వానాకాలంలో బరువు నిలిచినట్టు కనిపించినా ఆగండి, ఫాల్గుణం ఎండల్లో ఇంకోసారి తూచి చూడండి.